ఛార్జరుకు తొడిగిన గలేబు

2020 మార్చిలో, ఆఫీసులన్నీ మూతపడటానికి సరిగ్గా రెండు వారాల ముందు, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో హార్డ్‌వేర్ విభాగం మేనేజరుగా బాధ్యత తీసుకున్నాను. అంతకు ముందు పాతికేళ్ళకు పైగా ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పరీక్షల గదిలో పనిచేశాను. అక్కడ నా పని ఒక వస్తువును ఎంత వేడెక్కించవచ్చో, ఎంత తడపవచ్చో, ఎంత ఎత్తు నుంచి పడెయ్యవచ్చో చూసి, అది నిలిస్తే సంతకం పెట్టడం. కొత్త చోట పని తేలిక. ఉద్యోగులకు లాప్‌టాప్‌లు, ఛార్జర్లు ఇవ్వాలి, తిరిగి తీసుకోవాలి, పాడైతే బాగుచేయించాలి, దేనికి ఏమైనా దానికి నేను జవాబుదారీ. పదవీ విరమణకు పదహారు నెలలు మిగిలి ఉన్నాయి.

లాప్‌టాప్‌లు పోవు. వాటికి లోపల నంబరుంటుంది, తాళం ఉంటుంది, ఎక్కడున్నా కనిపెట్టవచ్చు. పోయేవి ఛార్జర్లు. ఒకరిది ఇంకొకరు పట్టుకుపోతారు, ఊళ్ళో మరిచిపోయి వస్తారు. కొందరు అసలుది ఇంట్లో ఉంచుకుని బజారులో దొరికే నకిలీది తెచ్చి అప్పగిస్తారు. పైకి రెండూ ఒకటే. మీద అచ్చువేసిన అక్షరాలు కూడా ఒకటే. తూకం వేస్తేనే తేడా తెలుస్తుంది, నకిలీది తేలిక. నేను చేరిన మొదటి వారంలోనే వెనక్కి వచ్చిన ఛార్జర్ల పెట్టెను తూచి చూస్తే ప్రతి వరసలోనూ ఒకటో రెండో నకిలీవి బయటపడ్డాయి. దీన్ని ఆపాలని నిశ్చయించుకున్నాను.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు.

మాది మదనపల్లె వైపు పాళెగాళ్ళ వంశం. మా తాతగారి నాటికే ఊళ్ళు పోయాయి. మా నాన్నగారు బెంగళూరు వచ్చి బళేపేటలో ఒక నూలు కొట్టులో గుమాస్తాగా చేరారు. గాజుల అంగడి మీద మేడ గదులు రెండు మాకు ఇల్లు. నాన్నగారు జరీ అంచు పంచె మాత్రం మానలేదు. మా అమ్మగారు ఇంట్లో వస్తువులన్నిటికీ మెరూన్ రంగు వెల్వెట్ గలేబులు తొడిగి ఉంచేవారు. వీణకు ఒకటి, గ్రామఫోను పెట్టెకు ఒకటి, గోడ గడియారానికి ఒకటి, తుపాకీ పెట్టెకు ఒకటి. ప్రతి దాని మీదా పసుపు దారంతో మా ఇంటిపేరు మొదటి అక్షరం. శనివారాలు వాటి దుమ్ము దులపడం నా పని.

తొమ్మిదో ఏట ఒక శనివారం వీణ గలేబు కొంచెం జారింది. లోపల వీణ లేదు. ఒక కర్ర, రెండు పాత దిండ్లు, ఒక సొరకాయ బుర్ర ఉన్నాయి. తక్కినవి కూడా తడిమి చూశాను. గడియారం ఒక్కటే నిజంగా ఉంది. నేను చూసినట్టు అమ్మగారికి చెప్పలేదు. గలేబు సరిచేసి దులపడం కొనసాగించాను. ఆ తరవాత పన్నెండేళ్ళు దులిపాను. ఎవరు ఇంటికి వచ్చినా ఆ గలేబుల వైపు చూసి గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఒక ఇల్లు నిటారుగా నిలబడాలంటే ఏం చేయాలో అక్కడ నేర్చుకున్నాననుకున్నాను.

ఉద్యోగంలో కూడా అలాగే ఉన్నాను. నా బల్ల ముందు రెండో కుర్చీ ఉండేది కాదు. చెప్పవలసింది నిలబడి చెప్పి వెళ్ళాలి. కబుర్లకు తావు లేదు. మధ్యాహ్నం డబ్బా ఒంటరిగా తినేవాణ్ణి. పెళ్ళి చేసుకోలేదు. మా అంతస్తుకు తగిన సంబంధాలకు మా స్థితి చాలలేదు, స్థితికి తగినవాటికి అమ్మగారు ఒప్పుకోలేదు. అమ్మగారు పోయి పద్నాలుగేళ్ళు. మహదేవపురలో ఒక పడకగది ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాను.

ఛార్జర్ల దొంగతనానికి నేను కనిపెట్టిన మార్గం ఒక సంచీ. ఛార్జరు మధ్యలో ఉండే నల్లని దిమ్మెకు సరిపోయే కొలత. రెండు కొసల్లో లోహపు అంచున్న రెండు చిల్లులు, వాటిలోంచి తీగలు బయటికి వస్తాయి. జిప్పు మూసి, కరెంటు మీటరుకు వేసేలాంటి నంబరు సీలు వేస్తాం. సీలు తెగకుండా దిమ్మెను మార్చలేరు. సంచీలోంచి తీయకుండానే వాడుకోవచ్చు.

పరీక్షించకుండా నేను ఏదీ ఆమోదించను. మొదటి నమూనా పల్చని కాన్వాసు గుడ్డతో, అడుగున వల గుడ్డతో కుట్టించాను. వేడి కొలిచే థర్మోకపుల్ అనే సన్నని తీగను దిమ్మెకు అంటించి, లాప్‌టాప్ లాగేంత కరెంటు లాగే లోడు పెట్టె తగిలించి, నలభై అయిదు నిమిషాలు నడిపాను. అరవై రెండు డిగ్రీల దగ్గర నిలిచింది. చేత్తో తాకే ప్లాస్టిక్ వస్తువుకు మా విభాగం పెట్టుకున్న హద్దు డెబ్బై. సంతకం పెట్టాను.

కుట్టే పని బళేపేటలో సంచీలు కుట్టే నారాయణప్పకు ఇచ్చాను. మా పాత మేడ గదులకు ఎదురు వరసలోనే ఆయన అంగడి. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇంతలో లాక్‌డౌన్ వచ్చింది. జూన్‌లో అంగళ్ళు తెరిచాక ఆయన ఫోను చేసి కాన్వాసు, వల గుడ్డ ఎక్కడా దొరకడం లేదని, తన దగ్గర హార్మోనియం పెట్టెల గలేబులకు తెచ్చిన రెక్సిన్ ఉందని, లోపల సన్నని స్పాంజి అంటించి ఉంటుందని చెప్పాడు. నమూనా పంపమన్నాను. కొరియర్‌లో వచ్చింది. విప్పగానే కనిపించింది మెరూన్ రంగు.

మా పనిలో ఆమోదించిన వస్తువులో ఏ చిన్న మార్పు చేసినా ఒక చీటీ రాయాలి. మార్పు ఏమిటి, ఎందుకు, మళ్ళీ పరీక్షించాలా అక్కరలేదా. మూడో గడిలో నేను ఇలా రాశాను: 'స్వల్ప మార్పు. పునఃపరీక్ష అవసరం లేదు.' కింద సంతకం. ఇరవై ఏడేళ్ళలో పరీక్ష లేకుండా నేను పెట్టిన సంతకం అదొక్కటే.

ఆగస్టు నుంచి ప్రతి ఛార్జరూ మెరూన్ సంచీలో, సీలుతో వెళ్ళింది. సంచీ తీయరాదని, సీలు తెగితే సంజాయిషీ ఇవ్వవలసి ఉంటుందని సర్క్యులర్ పంపాను. నకిలీలు ఆగిపోయాయి. డైరెక్టరు గారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు.

ఆ రోజుల్లో నాలుగో అంతస్తులో నేను, నా సహాయకురాలు సలోమి తప్ప ఎవరూ ఉండేవారు కాదు. సలోమి ఏజెన్సీ ద్వారా వచ్చిన టెక్నీషియను. మార్కాపురం వైపు కుటుంబం, పుట్టి పెరిగింది మాత్రం ఇక్కడే. గది ఆ చివర ఆమె కౌంటరు, ఈ చివర నా బల్ల. మధ్యలో మూడు వందల ఖాళీ కుర్చీలు, ప్రతి కుర్చీ వెనకా ఎవరో వదిలేసి వెళ్ళిన స్వెట్టరో, టిఫిను సంచీయో. మొక్కలు ఎండిపోయాయి. ఒక బల్ల మీద పుట్టినరోజు బెలూను నెలల తరబడి సన్నగిల్లుతూ ఉండిపోయింది. దాన్ని తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. రోజుకు ఇరవై మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమె ఫోనులో ఉద్యోగులతో మాట్లాడుతూ నవ్వడం అప్పుడప్పుడు వినిపించేది. నేను అటు చూస్తే ఆగిపోయేది.

ఫిబ్రవరి నుంచి ఒక ఫిర్యాదు తరచుగా రాసాగింది. ఛార్జింగ్ వచ్చి పోతోంది, మళ్ళీ వస్తోంది అని. ఇళ్ళలో ప్లగ్గులు వదులుగా ఉంటాయన్నది నా అభిప్రాయం. అలాగే రాసి వాటిని ముగించాను.

2021 మార్చి నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం హరిత అనే ఉద్యోగిని ఇంట్లో ఛార్జరు కాలింది. ఆమె తమది కడప అని చెప్పిన పిల్ల, మహదేవపురలోనే మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒంటరిగా ఉంటోంది. మీటింగులో ఉండగా వాసన వచ్చిందట. పరుపు మీద ఉన్న దిమ్మెను పక్కకు లాగబోతే కరిగిన రెక్సిన్ అరచేతికి అంటుకుంది. దుప్పటి ఒక చార మేర మాడింది. అరచేతి నిండా బొబ్బలు.

ఇలాంటిది జరిగితే అయిదు పని దినాల్లో సంఘటన నివేదిక ఇవ్వాలి. కాలిన వస్తువును సీలు చేసిన పెట్టెలో పెట్టాలి, బాధితుల మాట నమోదు చేయాలి, చివరి గడిలో మూలకారణం రాయాలి. ఆ గడిలో ఏం రాస్తే దాని ప్రకారమే తక్కిన చర్యలన్నీ జరుగుతాయి. నేను హరితకు ఫోను చేసి, ఛార్జరును పరుపు మీద ఎందుకు ఉంచావని అడిగాను.

"ప్లగ్ పాయింట్ మంచం పక్కనే ఉంది సార్. ఇంకెక్కడ పెడతా? రూములో టేబుల్ ఉంటే కదా," అంది.

వేడెక్కుతున్నట్టు ముందుగా తెలియలేదా అన్నాను.

"తెలిసింది సార్. ఉడుకు పెనమన్నా పట్టుకోవచ్చు గానీ దాన్ని పట్టుకునేదానికి లేదు. కవర్ తీసేద్దామనుకున్నా. తీస్తే ఎక్స్‌ప్లనేషన్ ఇయ్యాలని మీ మెయిల్ ఉండింది కదా సార్. ఆ మెయిల్ చదివితే మా స్కూల్ హెడ్మాస్టరు గుర్తొచ్చినాడు. అందుకే తియ్యలేదు."

ఆమె మాట ఉన్నదున్నట్టు నమోదు చేశాను.

మర్నాడు ఏజెన్సీ సూపర్‌వైజరు వచ్చి మా రిజిస్టరు తనిఖీ చేశాడు. తిరిగి వచ్చిన ఛార్జర్లలో పద్నాలుగింటికి సీళ్ళు తెగి ఉన్నాయి. పద్నాలుగూ సలోమి చేతిమీదుగా తీసుకున్నవే, ఏ ఒక్కదానికీ ఆమె సంజాయిషీ అడగలేదు. అతను తేల్చేశాడు. సీళ్ళు తెంపి అసలువి మార్చేసింది, కాలింది నకిలీది అయి ఉంటుంది అని. నా నివేదిక వచ్చేదాకా ఆమె గేటు పాసు ఆపేశారు. దొంగతనం పేరుతో పాసు పోతే మా ఆఫీసు ఉన్న టెక్ పార్కులోని పాతిక సంస్థల్లో ఏ గేటూ ఆమెకు తెరుచుకోదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు నాకంటే బాగా తెలుసు.

వాంగ్మూలం ఇవ్వడానికి ఆమె విజిటరు చీటీ మెడలో వేసుకుని వచ్చింది. ఏడాదిగా తాను కూర్చున్న కౌంటరు దాటి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. సీళ్ళు ఎవరు తెంపారని అడిగాను.

"నేనే సార్ తెంపమన్నా."

ఎందుకని అడిగాను.

"ఛార్జింగ్ వచ్చి పోతా ఉండాది అని ఫోన్ చేస్తారు సార్. ఒకాయన దాని మీద తడిగుడ్డ ఏసినానన్నాడు. కరెంటు దాని మీద తడిగుడ్డేంది సార్? నాకు భయమేసి, సీల్ కట్ చేసి సంచీ తీసి పారేయండి అన్నా. తీసినాక మళ్ళా ఒక్కరు కూడా ఫోన్ చెయ్యలే."

నాకెందుకు చెప్పలేదన్నాను.

"మీకు ఏమైనా చెప్పాలంటే ముందు రాత్రి నుంచి ప్రాక్టీస్ చేసుకోవాల సార్," అంది. "ఇది ప్రాక్టీస్ చేసినా రాలేదు. మీ సంచీ బాగాలేదని మీకెట్ల చెప్తాను?"

వాంగ్మూలం కింద సంతకం పెట్టి వెళ్ళింది. ఆ గది ఆ చివరి నుంచి ఈ చివరికి ఎంత దూరమో ఆమె నడిచి వెళ్తుంటే మొదటిసారి చూశాను.

కాలిన దిమ్మెను తూచాను. బరువు సరిగ్గా ఉంది. రంపంతో కోసి లోపలి పలక మీది నంబరు చూశాను. అది అసలుదే. లోపల ఒక కెపాసిటరు ఉబ్బి పగిలింది. అలా ఒక్కరోజు వేడికి కాదు, చాలా రోజులు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఉంటేనే ఉబ్బుతుంది. మంచి ఛార్జరులో ఒక రక్షణ ఉంటుంది. హద్దు దాటి వేడెక్కితే దానంతట అదే ఆగిపోతుంది. చల్లారాక మళ్ళీ మొదలవుతుంది. ఛార్జింగ్ వచ్చి పోవడం అంటే అదే. నెల రోజులుగా నేను వదులు ప్లగ్గులని రాసి ముగించినవన్నీ అవే.

అయినా పరీక్ష చేయకుండా నేను ఏదీ రాయను. శుక్రవారం ఉదయం ఇంట్లో నేను పరుచుకునే బొంతను చుట్టి ఆటోలో ఆఫీసుకు తీసుకువెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు మునిరాజు అటు ఇటు చూశాడు. ఏడాదిలో అతను నాతో మాట్లాడింది అదే మొదలు.

"ఏం సార్, ఇంటి ఓనరు ఖాళీ చేయించినాడా? పైన జాగా చానా ఉండాది, పడుకోండి. నేనెవురికీ చెప్పను."

పరీక్ష కోసం అన్నాను.

"బొంతకి పరీక్షా?" అని గేటు తీశాడు.

మా విభాగానికున్న చిన్న పరీక్షల గదిలో ఏసీ ఆపించాను. కిటికీలు మూశాను. నేల మీద బొంత పరిచి దాని మీద మెరూన్ సంచీలో ఉన్న కొత్త ఛార్జరును పెట్టి, పూర్తి లోడు ఇచ్చి, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పదిహేను నిమిషాలకు ఒకసారి అంకె రాసుకున్నాను. గంటకు డెబ్బై దాటింది. రెండు గంటలకు ఎనభై నాలుగు. మూడు గంటలు కాకముందే తొంభై నాలుగు దగ్గర ఛార్జరు దానంతట అదే ఆగిపోయింది. రెక్సిన్ వేలితో నొక్కితే గుంట పడింది. ఇరవై నిమిషాలకు మళ్ళీ మొదలైంది. నేను నా మొదటి నమూనాను ఏసీ గదిలో, ఉక్కు బల్ల మీద, నలభై అయిదు నిమిషాలు పరీక్షించాను. మనుషులు దాన్ని పరుపు మీద, మార్చి నెలలో, రోజుకు పది గంటలు వాడుతున్నారు.

సాయంత్రం డైరెక్టరు గారు ఫోను చేశారు. పరుపు మీద ఉంచడం వినియోగదారు పొరపాటే కదా, అలా రాసి ముగించవచ్చు, సలోమి విషయం ఏజెన్సీ చూసుకుంటుంది అన్నారు. విరమణ తరవాత నన్ను ఒక ఏడాది సలహాదారుగా ఉంచుకోవాలన్న కాగితం తన బల్ల మీద ఉందని కూడా అన్నారు. రెండు మాటలకూ సంబంధం ఉందని ఆయన అనలేదు. మర్యాదస్థుడు. పరుపు మీద పెట్టిన మాట అబద్ధమూ కాదు.

మార్పు చీటీ నా ఫైలులో ఉంది. దాని రెండో ప్రతి ఎక్కడా లేదు. అది ఉన్నట్టు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. దాన్ని తీసి ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. దాన్ని చించేస్తే సరి అన్న ఆలోచన నాకు రాలేదని చెప్పుకోను. వచ్చింది.

శనివారం సెలవు. బళేపేట వెళ్ళాను. అన్ని సంచీలూ అదే రెక్సిన్‌తో కుట్టాడో, మధ్యలో కాన్వాసు దొరికిందో నివేదికకు తెలియాలి. నారాయణప్ప మిషను ముందు కూర్చుని తబలాకు సంచీ కుడుతున్నాడు. తల ఎత్తి చూసి మిషను ఆపాడు.

"ఏమప్పా దొరా, దారి తప్పినావా?"

చిన్నప్పుడు ఆ వీధి వీధంతా నన్ను దొర అనేది. మర్యాదకు అంటున్నారనే అనుకునేవాణ్ణి.

వచ్చిన పని చెప్పాను. అన్నీ రెక్సిన్‌వేనన్నాడు. కాలిన సంచీ ముక్క చూపించాను. వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు.

"నేనప్పుడే చెప్తిని కదప్పా. ఇది హార్మోనియంకి ఏసేది, లోపలికి గాలాడదు, మీ కరెంటు సామానికి పనికొస్తుందా అని అడిగితిని. నువ్వేమంటివి? చెప్పింది కుట్టు నారాయణప్పా అంటివి. కుట్టినాను."

ఆ మాట నేను అన్నాను. మరిచిపోయాను, అంతే.

"మీ అమ్మగారూ అంతే," అన్నాడు, మళ్ళీ మిషను వైపు తిరుగుతూ. "గలేబు మాసిపోతే కొత్తది కుట్టించుకుంటా ఉండ్రి. కొలత తీసుకునేదానికి పైకి వస్తానమ్మా అంటే వద్దు, పాత గలేబు కొలతే అనేవారు. వీణ అమ్మింది మా మామ ద్వారానే కదప్పా, నాకు తెలియదా లోపలేముందో? వీధిలో అందరికీ తెలుసు. ఎవురూ అడగలేదు, అంతే. పెద్దింటోళ్ళు, బాధపడతారని."

కాఫీ తాగి పొమ్మన్నాడు. తాగాను. ఆయన అంగడిలో ఉన్న ఒక్క స్టూలు నాకు వేసి, తాను మిషను బల్ల అంచున ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా గాజుల అంగడి మీద మా పాత కిటికీ కనిపిస్తోంది. ఇప్పుడు అక్కడ ఎవరో ప్లాస్టిక్ పూలదండల గోదాము పెట్టారు. పన్నెండేళ్ళు నేను దులిపిన దుమ్ము గురించి ఆలోచించాను. గొంతు తగ్గించి మాట్లాడిన ప్రతి అతిథికీ సంగతి తెలుసన్నమాట.

సోమవారం నివేదిక ఇచ్చాను. మూలకారణం గడిలో ఇలా రాశాను: 'సంచీ గుడ్డ మార్పు పరీక్ష లేకుండా ఆమోదించబడింది. ఆమోదించినది ఈ నివేదిక రాస్తున్న అధికారి. వినియోగదారు సర్క్యులర్ ప్రకారమే నడుచుకున్నారు. సీళ్ళు తెంపించిన టెక్నీషియను చర్య సరైనది. పద్నాలుగు చోట్ల ప్రమాదం తప్పించింది.' మార్పు చీటీ జతచేశాను. బొంత మీద చేసిన పరీక్ష అంకెలు జతచేశాను. సంచీలన్నీ వెంటనే తీసేయమని ఉద్యోగులందరికీ పంపవలసిన సర్క్యులర్ కూడా నేనే రాశాను. సంజాయిషీ అనే మాట లేకుండా నేను రాసిన మొదటి సర్క్యులర్ అది.

డైరెక్టరు గారు చదివి, ఇంత వివరంగా అవసరమా అని అడిగారు. అవసరమన్నాను. హరితకు వైద్యం సంస్థ చేయించింది. ఆమె అరచేయి మానింది, మధ్య వేలు మడవడానికి కొన్నాళ్ళు ఇబ్బంది పడిందని విన్నాను. ఆమె చెయ్యి బాగుందా అని నేను స్వయంగా ఫోను చేసి అడగడానికి రెండు వారాలు పట్టింది.

సలోమి పాసు బుధవారం తిరిగి వచ్చింది. నా బల్ల దగ్గరకు వచ్చి ఎప్పటిలాగే నిలబడింది. కూర్చోమన్నాను. ఇద్దరం చుట్టూ చూశాం. కూర్చోవడానికి ఏమీ లేదు. ఆ పక్కన స్టోరు నుంచి తెప్పించిన వాడని మెరూన్ సంచీల మూట ఉంది. ఆమె దాన్ని కాలితో జరుపుకుని దాని మీద కూర్చుంది.

"స్పాంజి బాగానే ఉండాది సార్," అంది. "దీనికైనా పనికొచ్చింది."

నేను నవ్వాననే అనుకుంటున్నాను. ఆమె నా ముఖం వైపు చూసి, మళ్ళీ చెప్పసాగింది. లాప్‌టాప్‌ల మీద మేం వేసే నంబరు అంటింపు కాగితం కూడా ఎండకు ఊడిపోతోందని, ఏడాదిగా చెబుదామనుకుంటున్నానని. ఇంకా నాలుగు సంగతులు చెప్పింది. నాలుగూ నిజమే. అన్నిటికీ కలిపి అరగంట పట్టింది. వెళ్ళేటప్పుడు ఆ బెలూను ఉన్న బల్ల దగ్గర ఆగి దాన్ని తీసి చెత్తబుట్టలో వేసింది.

జూలైలో విరమించాను. సలహాదారు కాగితం రాలేదు, నేను అడగలేదు. వీడ్కోలు వీడియోలో జరిగింది. చిన్న చిన్న గడుల్లో ముఖాలు, సగం గడుల్లో పేర్లు మాత్రమే. వస్తూ వస్తూ నా బల్ల ముందుకు ఖాళీ వరసల్లోంచి ఒక కుర్చీ లాగి పెట్టి వచ్చాను.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఆ సంఘటన నుంచి చెప్పగలిగినవి మూడు. వస్తువును వాడవలసిన తీరులో కాక, మనుషులు నిజంగా వాడే తీరులో పరీక్షించాలి. పరుపు మీద వాడితే పరుపు మీదే. ఆమోదించిన చెయ్యి దర్యాప్తు చేయకూడదు. నా నివేదిక నిజమైనది కావచ్చు, కాని దాన్ని నా మీదికే వదిలేయడం పద్ధతిలోని లోపం. మూడోది పరికరాల జాబితాకు సంబంధించింది. థర్మోకపుల్, లోడు పెట్టె, తక్కెడ అని రాసుకున్నాక, పరీక్షల అధికారి బల్ల ముందు ఒక కుర్చీ అని కూడా రాసుకోవాలి. ఫిబ్రవరిలో అది ఉండి ఉంటే ఆ ఛార్జరు కాలేది కాదు.